సముద్రం లేని తీరం: కర్నూలు నుంచి సిద్ధవటం దాకా

రాయలసీమకు సముద్రం లేదు. అయినా గండికోట అంచున మన కాళ్ళ కిందుండే ఎర్రరాయి ఒకప్పుడు లోతులేని సముద్రం ఒడ్డున పేరుకున్న ఇసుకే. 150 కోట్ల ఏళ్ళకు పైబడిన ఆ ఇసుక గట్టిపడి, కాగి, బిగుసుకుని క్వార్ట్‌జైట్‌ రాయి అయింది. బెలుం గుహల సున్నపురాయి అంతకంటే కొత్తది, అదీ సముద్రం అడుగున పడ్డ సున్నపు బురదే. కర్నూలులో బయల్దేరి ఓర్వకల్లు, యాగంటి, బెలుం, గండికోట, పుష్పగిరి మీదుగా సిద్ధవటం చేరే ఈ దారి మొత్తం ఆ పాత సముద్రపు తీరం వెంట ప్రయాణమే. సగం దారి నుంచి పెన్న తోడొస్తుంది. ఇద్దరు మనుషులు, ఒక బైకు, ఐదు రోజులు చాలు. కారులో పోయేవాళ్ళకూ ఇదే దారి.

కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. మార్చి దాటితే పది గంటలకే బండలు కాగుతాయి, మే నెలలో ఈ యాత్ర పెట్టుకోవద్దు. సెప్టెంబరు, అక్టోబరుల్లో నీళ్ళు నిండుగా ఉంటాయి గానీ నల్లరేగడి దారులు ఏడిపిస్తాయి.

బయల్దేరే ముందు

150 సీసీ బైకు ఇద్దరికీ సరిపోతుంది. సామాను రెండు పక్కలా సమానంగా, వీలైనంత కిందికి కట్టాలి. బరువంతా వెనక క్యారియర్ మీద పెడితే ముందు చక్రం తేలిపోయి, గుంతల్లో హ్యాండిల్ ఊగుతుంది. సైలెన్సర్ వైపు బ్యాగు గొట్టానికి నాలుగు వేళ్ళ ఎడంగా ఉందో లేదో వెనక మనిషి కూర్చున్నాక చూడాలి. ముందు చూస్తే ఎడం కనబడుతుంది, బరువు పడగానే బ్యాగు కుంగి కాలుతుంది. గాలి ఎంత పట్టాలో చెయిన్ కవర్ మీదో స్వింగ్ ఆర్మ్ మీదో అంటించిన కాగితంలో ఉంటుంది. ఒక్కరికి, ఇద్దరికి వేర్వేరు అంకెలుంటాయి. చాలా బైకులకు ఇద్దరైతే వెనక టైరుకు 32 నుంచి 36 పీఎస్‌ఐ. తెల్లారి టైరు చల్లగా ఉన్నప్పుడే పట్టించాలి. ఎండలో తిరిగిన టైరుకు కొలిస్తే అంకె ఎక్కువ చూపుతుంది, దాన్ని నమ్మి గాలి తీసేస్తే సాయంత్రానికి టైరు మెత్తబడుతుంది. చెయిన్ వదులు ఇద్దరూ కూర్చున్నాక కూడా ఒకసారి చూసుకోవాలి.

సర్కారు తుమ్మ ముల్లు ఈ ప్రాంతంలో అసలు శత్రువు. ట్యూబ్‌లెస్ టైరైతే ముల్లు పీకకుండా ఊరు దాకా పోవచ్చు. ట్యూబు టైరైతే స్పేర్ ట్యూబు వెంట ఉండాలి, ఎందుకంటే పల్లెల్లో పంక్చర్ వేసేవాళ్ళు దొరుకుతారు గానీ మన సైజు ట్యూబు దొరకదు.

వెనక కూర్చున్న మనిషికీ పని ఉంది. దారి చూడడం, నీళ్ళు అందించడం, రంగు వేయని స్పీడ్ బ్రేకర్లను ముందుగా చెప్పడం. గంటకొకసారి ఆగి, ఇద్దరికీ లైసెన్సుంటే చోట్లు మార్చుకుంటే నడుములు పట్టుకోవు. ఇద్దరికీ కలిపి రోజుకు ఐదు లీటర్ల నీళ్ళు, నాలుగు ఓఆర్‌ఎస్ పొట్లాలు, హెల్మెట్లు రెండు.

మొదటి రోజు: కర్నూలు – ఓర్వకల్లు – యాగంటి – బనగానపల్లె

పొద్దున ఆరున్నరకల్లా ఉగ్గాని బజ్జి తిని బయల్దేరాలి. బొరుగులు నానబెట్టి చేసేది కాబట్టి కడుపులో బరువనిపించదు, మిరపకాయ బజ్జి మాత్రం ఒకటితో ఆపుకుంటే దారిలో దాహం తక్కువ. నంద్యాల వైపు పోయే 40వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 20 కి.మీ. పోతే ఓర్వకల్లు. రోడ్డు పక్కనే రాతివనం. గాలికీ వానకూ అరిగి, ఒకదాని మీదొకటి పేర్చినట్టున్న రాళ్ళ మధ్య చిన్న చెరువు. ఎనిమిదిలోపు చేరితే నీడలు పొడుగ్గా పడి రాళ్ళ గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. గంట సేపు చాలు.

పాణ్యం దగ్గర జాతీయ రహదారి వదిలి కుడికి తిరిగితే బనగానపల్లె దారి. ఇక్కడి నుంచి నల్లరేగడి మొదలు. తారు రోడ్డు మీద ఉన్నంతసేపు బాధ లేదు. వాన పడ్డ మర్నాడు లారీకి దారిస్తూ మట్టిలోకి దిగితే ఆ బంక మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పేరుకుని నాలుగు గజాల్లో చక్రం తిరగడం ఆగిపోతుంది. ఎక్సలేటర్ పెంచితే క్లచ్ కాలుతుంది తప్ప బండి కదలదు. వెనక మనిషి దిగి, పుల్లతో మట్టి గీకి, బండిని నెట్టి తారు మీదికి ఎక్కించడం ఒక్కటే మార్గం. జనవరి, ఫిబ్రవరిల్లో ఇంకో గండం. రోడ్డు మీద శనగలు, జొన్నలు ఆరబోస్తారు. శనగల మీద ముందు బ్రేకు పట్టకూడదు, గోలీల మీద కాలేసినట్టే. గింజలు ఎత్తేశాక కూడా అడ్డంగా పెట్టిన బండరాళ్ళు అక్కడే ఉండిపోతాయి. ఈ దారుల్లో చీకటి పడ్డాక బండి నడపవద్దనడానికి ఆ రాళ్ళే పెద్ద కారణం.

బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ కాయ తినాలంటే ఎండాకాలమే రావాలి. ఊరి నుంచి యాగంటికి పన్నెండు, పదమూడు కి.మీ. ఎర్రమల కొండల మడతలో ఉమామహేశ్వరుడి గుడి, కొండలోంచి ఎప్పుడూ ఊరే నీటితో నిండే కోనేరు, పైన అగస్త్యుడి గుహ, వేంకటేశ్వరస్వామి గుహ, వీరబ్రహ్మం గుహ. అగస్త్య గుహ మెట్లు నిటారుగా ఉంటాయి, దిగేటప్పుడు పక్కకు తిరిగి దిగితే మోకాళ్ళు బతుకుతాయి. గుడిలోని రాతి నంది బసవయ్య ఏటేటా పెరుగుతున్నాడని, యుగాంతానికి లేచి రంకె వేస్తాడని ఇక్కడి జనం నమ్మకం. విగ్రహం చుట్టూ ప్రదక్షిణకు ఒకప్పుడున్న చోటు ఇప్పుడు లేదని పెద్దవాళ్ళు స్తంభం చూపించి చెబుతారు. రాత్రి బనగానపల్లెలో పడుకోవడం సుఖం.

రెండో రోజు: అవుకు – బెలుం – గండికోట

ఈ రోజు లెక్క అంతా వెనక నుంచి వేసుకోవాలి. గండికోటకు సాయంత్రం నాలుగున్నరలోపు చేరాలి. అంటే బెలుం నుంచి ఒంటిగంటకు కదలాలి, గుహలు తెరిచే పది గంటలకే అక్కడుండాలి, బనగానపల్లెలో ఎనిమిదికి బయల్దేరాలి. దారిలో అవుకు జలాశయం దగ్గర ఓ పావుగంట ఆగొచ్చు. శ్రీశైలం నుంచి వచ్చే నీళ్ళు ఇక్కడ ఆగి, గండికోట జలాశయానికి పోతాయి. మనం కూడా ఆ నీళ్ళ వెంటే పోతున్నాం.

కొలిమిగుండ్ల దగ్గర్లోని బెలుం గుహలు బయటికేమీ కనిపించవు. చదునైన చేను మధ్య బావుల్లాంటి గుంతలు మూడు, నడి గుంతలోంచి మెట్లు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటిని నమోదు చేశాడు. 1982 నుంచి 1984 దాకా హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు, జనానికి తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. సింహద్వారం, కోటిలింగాలు, సప్తస్వరాల గుహ దాటుకుంటూ పోతే అన్నిటికంటే కింద పాతాళగంగ, ప్రవేశ మట్టానికి 46 మీటర్ల లోతున.

గుహంటే చల్లగా ఉంటుందనుకుని స్వెట్టర్‌తో వచ్చేవాళ్ళు పది నిమిషాల్లో తడిసిపోతారు. గాలి ఆడదు, రాతిలో తడి ఎప్పుడూ ఉంటుంది, చెమట ఆరే దారి లేదు. గాలి కోసం గొట్టాలు పెట్టారు, ఊపిరాడనట్టనిపిస్తే వాటి దగ్గర కాసేపు నిలబడాలి. నూలు బట్టలు, అరలీటరు నీళ్ళ సీసా, పట్టున్న చెప్పులు. కళ్ళజోడుకూ ఫోను కెమెరాకూ ఆవిరి పడుతుంది. తుడిచేకొద్దీ మళ్ళీ పడుతుంది కాబట్టి ఐదు నిమిషాలు ఆగి, అద్దం లోపలి వేడికి అలవాటు పడ్డాక తీసుకుంటే సరి. పాతాళగంగ దగ్గర మెట్లు జారతాయి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు అంత కిందికి దిగకపోవడమే మంచిది. సప్తస్వరాల గుహలో వేలాడే రాళ్ళను మోగించి చూడాలనిపిస్తుంది. తట్టొద్దు. ఆ రాయి అంగుళం పెరగడానికి పట్టే కాలం ముందు మన ఆయుష్షు లెక్కలోకే రాదు. పెద్ద వానలు పడితే నీళ్ళు చేరి గుహలు మూసేస్తారు, వారం ముందు వాన కురిసుంటే ఫోను చేసి కనుక్కోవాలి.

ఇక్కడికి 30 కి.మీ. దూరంలో తాడిపత్రి. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊళ్ళో చింతల వేంకటరమణుడి గుడి, రెండూ విజయనగర కాలపు శిల్పానికి నిలువుటద్దాలు. ఒక రోజు ఎక్కువుంటేనే అటు తిరగండి. ఈ రోజులోనే ఇరికిస్తే గుళ్ళూ సరిగా చూడరు, గండికోటలో సాయంత్రమూ పోతుంది.

కొలిమిగుండ్ల నుంచి జమ్మలమడుగు దాకా నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. బరువు లారీల వెనక ఇరుక్కుంటే దుమ్ము కళ్ళల్లో పడుతుంది, ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. బండలు పాలిష్ పట్టే యూనిట్ల దగ్గర తెల్లటి రొచ్చు రోడ్డు పక్కకు పారుతుంటుంది. ఎండినప్పుడు దుమ్మే, చినుకు పడితే సబ్బు. అక్కడ 30కి మించి వేగం వద్దు, మలుపులో బండి వంచొద్దు.

మ్యాపు అడ్డదారి చూపిస్తే ఊళ్ళో ఎవరినైనా "ఎంత దూరం?" అని అడగొద్దు. "ఈడ్నేలే" అంటారు, అది రెండు కి.మీ. కావచ్చు, పన్నెండూ కావచ్చు. "ఈ దావన బస్సు పోతాదా అన్నా?" అని అడగండి. బస్సు పోతే దారి బాగున్నట్టే. జమ్మలమడుగులో పెట్రోలు నింపుకుని, ఏటీఎంలో డబ్బు తీసుకుని, పళ్ళు, బిస్కెట్లు కొనుక్కున్నాకే పైకి పోవాలి. అక్కడి నుంచి గండికోట 15 కి.మీ.

మూడో రోజు: గండికోట

రోజంతా ఇక్కడే. బెలుం చూసి మధ్యాహ్నం వచ్చి, ఫోటో దిగి, సాయంత్రానికి వెళ్ళిపోయేవాళ్ళు గండికోటను దాని అతి చెడ్డ గంటల్లో చూస్తారు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు గోడల మీద నీడ ఉండదు, లోతు తెలియదు, ఎరుపు తెల్లబోతుంది. పొద్దు పొడిచిన మొదటి గంటలో ప్రతి రాతిపొర కిందా నీడ గీత పడి, గోడ మొత్తం పుస్తకాల దొంతరలా విడివిడిగా కనిపిస్తుంది. బస పర్యాటక శాఖ హోటల్లో గానీ గుడారాల్లో గానీ దొరుకుతుంది. సంక్రాంతి సెలవులు, వారాంతాలు, గండికోట ఉత్సవాల రోజుల్లో ముందే మాట్లాడుకోవాలి.

తెల్లారకముందే టార్చితో కోటలోకి నడవాలి. కోట లోపల ఊరుంది, జనం ఉన్నారు, కాబట్టి గట్టిగా అరుచుకుంటూ పోవద్దు. చార్మినార్ అని పిలిచే బురుజు, జామియా మసీదు దాటి, బండల మీద ఎక్కి దిగుతూ పది పదిహేను నిమిషాలు నడిస్తే అంచు. కింద మూడు వందల అడుగుల లోతున పెన్న. ఎగువన గండికోట ఆనకట్ట, దిగువన మైలవరం ఆనకట్ట. లోయలో కనిపించే నిశ్చలమైన నీళ్ళు మైలవరం వెనక నిలిచినవే. మైలవరంలో నీళ్ళు తగ్గినప్పుడు వస్తే లోయ అడుగున ఇసుక తిన్నెలు తేలి ఉంటాయి, పాత ఫోటోల్లోలా నీలంగా లేదని నిరాశపడొద్దు. గోడల అసలు ఎత్తు అప్పుడే తెలుస్తుంది.

అంచు దగ్గర కంచె లేదు. ఈ రాయి అడ్డంగా పొరలు, నిలువుగా పగుళ్ళు. అందుకే పెట్టెల్లాగా, పలకల్లాగా విరుగుతుంది. గట్టి పొర కింద మెత్తటి పొర ముందు అరిగిపోయి, పై పలక గాలిలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. పైనుంచి చూసేవాళ్ళకు తాము నిలబడ్డ పలక కింద ఏమీ లేదని తెలియదు. ఇద్దరిలో ఒకరు పక్కకు జరిగి, ఆ పలకను పక్కనుంచి చూసి చెప్పాలి. పలకను కాలితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే, లేదా నిలువు పగులులో చేయి దూరేంత సందుంటే దాని మీదికి పోవద్దు. కిందికి తొంగి చూడాలంటే రెండు మీటర్ల వెనక నుంచే బోర్లా పడుకుని జరగండి, తోడున్నవాళ్ళు కాళ్ళు పట్టుకోవాలి. బండలెక్కేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్ళలో ఏవైనా మూడు ఎప్పుడూ రాతికి ఆని ఉండాలి, కాబట్టి ఫోను జేబులోనే ఉండాలి. మంచు కురిసిన తెల్లవారుజామున ఈ నున్నటి రాయి తడిబండలా జారుతుంది. లోయలోకి దిగి ఈత కొట్టే ఆలోచనే పెట్టుకోవద్దు. లోతు తెలియదు, ఎగువన గేట్లు ఎత్తితే మట్టం పెరుగుతుంది, పైకెక్కే దారి దిగినంత తేలికగా దొరకదు.

అంచు నుంచి వెనక్కి వచ్చేటప్పుడు కాళ్ళ కింద చూస్తూ నడవండి. కొన్ని పలకల మీద సన్నటి అలల గీతలుంటాయి, వేలెడు ఎడంతో, ఒకదాని పక్కనొకటి. చెరువు గట్టున తడి ఇసుక మీద పడే గీతలే ఇవి. పాత సముద్రపు నీటి ఊపు వేసినవి, రాయై నిలిచిపోయాయి. ఎండ ఏటవాలుగా పడే పొద్దునా సాయంత్రమూ బాగా తెలుస్తాయి. అరచేత్తో నిమిరితే చూపు కంటే ముందే చేతికి తెలుస్తుంది.

ఎండ ముదిరాక కోట చూడాలి. 1123లో కల్యాణి చాళుక్యుల సామంతుడు కాకరాజు కట్టించాడని చెబుతారు. విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు తరతరాలు ఏలారు, 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి చిక్కింది. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఇక్కడికి వచ్చాడు. మాధవరాయస్వామి గుడి గోపురం, స్తంభాల మండపం, ధాన్యాగారం, జైలు, రంగనాథుని గుడి, రాయల చెరువు. మాధవరాయ గుడికి గంట కేటాయించండి, మిగతావి నడుస్తూ చూడొచ్చు. మధ్యాహ్నం ఊళ్ళో ముందుగా చెప్పి పెట్టుకుంటే రాగి సంగటి, నాటుకోడి పులుసు వండి పెడతారు. చెప్పకుండా పోయి ఆకలితో కూర్చుంటే లాభం లేదు, కోడిని తెచ్చి వండడానికి రెండు గంటలైనా పడుతుంది.

నాలుగో రోజు: జమ్మలమడుగు – పొద్దుటూరు – పుష్పగిరి – కడప

ఈ రోజు నేల చదునవుతుంది, పెన్న వెడల్పవుతుంది. జమ్మలమడుగు దగ్గర్లో మైలవరం ఆనకట్ట చూస్తే నిన్న పైనుంచి చూసిన నీళ్ళు ఎక్కడ ఆగాయో తెలుస్తుంది. పొద్దుటూరు బంగారానికీ బట్టలకూ పేరు, ఇరుకు వీధుల్లో బైకు నడపడం కంటే బయట ఆపి నడవడం నయం. కారం దోసె ఇక్కడే తినండి. ఎర్రకారం, పప్పుల పొడి దండిగా పూస్తారు.

కడప చేరకముందే పుష్పగిరి. పెన్నలో పాపఘ్ని, కుముద్వతి, వల్కల, మాండవి కలిసే చోటని దీన్ని పంచనదీ క్షేత్రమంటారు. చెన్నకేశవాలయం బయటి గోడల మీద రామాయణ, భారత కథల శిల్పాలు వరుసలుగా ఉంటాయి. ఇక్కడ చిక్కు ఒకటే. నదికి రెండు వైపులా గుళ్ళున్నాయి. మ్యాపు ఒక్కోసారి అవతలి ఒడ్డుకు తీసుకెళ్ళి నిలబెడుతుంది. నీళ్ళు లేవు కదా అని బైకును ఇసుకలోకి దించితే పైన ఎండిన పొర కింద తడి ఇసుక ఉండి వెనక చక్రం ఇరుసు దాకా కూరుకుపోతుంది. కూరుకుంటే ఎక్సలేటర్ ఇవ్వకుండా బండిని పక్కకు పడుకోబెట్టి, గుంతలో ఇసుక నింపి, లేపి నెట్టాలి. అసలు దించకపోతే ఈ బాధే లేదు. పొద్దుటూరులోనే ఎవరినైనా దారి అడిగి పెట్టుకోండి.

ఐదో రోజు: ఒంటిమిట్ట – సిద్ధవటం

కడప నుంచి తిరుపతి దారిలో సుమారు 25 కి.మీ. ఒంటిమిట్ట. ఒకే శిలలో సీతారామలక్ష్మణులు, పక్కన హనుమ లేడు. గోపురం గురించి టావెర్నియర్ గొప్పగా రాశాడు. పొద్దున్నే పోతే మండపం చల్లగా ఉంటుంది. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వ శ్రీరామనవమి ఇక్కడే, ఆ రోజుల్లో బైకుతో రావద్దు.

వెనక్కి వచ్చి భాకరాపేట దగ్గర బద్వేలు దారి పట్టుకుంటే సిద్ధవటం. మట్లి రాజుల కోట గోడ పెన్న ఒడ్డునే లేస్తుంది. 1808 నుంచి 1812 దాకా జిల్లా కేంద్రం ఇదే. కోట చిన్నది, గంటన్నర చాలు, గోడెక్కి నది వైపు నడవడం మర్చిపోవద్దు. ఎదురుగా లంకమల కొండలు. చచ్చి అంతరించిందనుకున్న కలివికోడి 1986లో ఈ చుట్టుపక్కల పొదల్లోనే మళ్ళీ దొరికింది. అది రాత్రి తిరిగే పిట్ట, పగలు కనిపించదు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా బండి తిప్పొద్దు. పెన్న ఇక్కడి నుంచి వెలిగొండల్ని చీల్చుకుంటూ సోమశిల వైపు పోతుంది, ఒడ్డు వెంట మనకు దారి లేదు.

తిరుగు దారి కడప మీదుగా. అక్కడి నుంచి మైదుకూరు, ఆళ్ళగడ్డ, నంద్యాల మీదుగా కర్నూలుకు సుమారు 200 కి.మీ., మొత్తం 40వ నంబరు రహదారే. సిద్ధవటంలో పన్నెండున్నరకు కదిలి, మైదుకూరులో భోజనం చేసి, చెయిన్‌కు నూనె వేసి, వెనక టైరులో గుచ్చుకున్న ముళ్ళు వేలితో తడిమి చూసుకుని బయల్దేరితే చీకటి పడకముందే ఓర్వకల్లు దాటొచ్చు. ఆలస్యమైతే నంద్యాలలో ఆగిపోండి.